నిమ్మకాయకు ఆగే రోడ్డు

ఆ రోజు తెలకపల్లి రోడ్డు దాటడానికి నారాయణమ్మకు అక్షరాలా గంట పట్టింది. ఇల్లు ఇవతల, ఎకరం వేరుశనగ చేను అవతల. మధ్యలో నల్లగా నున్నగా తారు రోడ్డు. అది వేసిన నాడు ఊరంతా సంబరపడింది, పాపం నారాయణమ్మ కూడా. ఇప్పుడు మోకాళ్ళు అరిగిన ఆమె అడుగు ముందుకేస్తే టిప్పరు, వెనక్కేస్తే బైకు. మొన్న ఒక కారు ఆమె చీర చెంగును తాకుతూ పోయింది, పోతూ పోతూ ఆమెనే తిట్టింది. చేనుకు పోకపోతే అడవిపందులు పంటను మిగల్చవు, పోదామంటే ఈ రోడ్డు ఆమెను మిగిల్చేటట్టు లేదు.

అలాంటిది, అమావాస్య మర్నాడు ఒక వింత చూసింది. ఎవరో దిష్టి తీసి, కోసిన నిమ్మకాయను కుంకుమతో సహా రోడ్డు నడుమ పడేసి పోయారు. మనిషికి ఆగని టిప్పరు దానికి ఆగింది! ఒద్దికగా పక్కకు జరిగి, దాన్ని తాకకుండా పోయింది. వెనకే కారు, దాని వెనక బస్సు, అన్నీ అంతే.

"పెద్దమ్మా, మా ఇంటాయనను జూడు!" అంది పక్కింటి ప్రేమలత, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. ఆదివారం చర్చి తప్పని సాంసన్ బైకు కూడా నిమ్మకాయను తప్పించుకుని పోయింది. "గివన్ని నమ్మనంటడు. ప్రార్థన జేసుకుంటనే పక్కకు తిప్పిండు!"

ఇంకేముంది! మర్నాటి నుంచి నారాయణమ్మ పొద్దున్నే ఒక నిమ్మకాయ కోసి, కుంకుమ అద్ది, రోడ్డు నడుమ పెట్టడం, బండ్లు నెమ్మదించగానే ఆమె, ప్రేమలత కిలకిలా నవ్వుకుంటూ దాటడం. ఊళ్ళో చేతబడి అని గుసగుసలు మొదలయ్యాయి. ఆమె మాత్రం వారం రోజులు మహారాణిలా నడిచింది.

ఎనిమిదో రోజు ఆమె కొడుకు శ్రీశైలం ఆటో వచ్చింది. తనంత స్పీడుగా తోలేవాడు మండలంలోనే లేడని వాడికి మహా గొప్ప. రయ్యిన వచ్చిన ఆటో నిమ్మకాయను చూడగానే సర్రున పక్కకు తిరిగింది. ఆ పక్కనే నిలబడి ఉంది నారాయణమ్మ. ఆ మోకాళ్ళతో ఎలా గెంతిందో దేవుడికే తెలియాలి, గెంతి రోడ్డు పక్క కాలువ బురదలో కూలబడింది.

శ్రీశైలం ఒక్క దూకు దూకి టైరు కిందికి వంగి చూశాడు.

"తొక్కలే గదా? నిమ్మకాయకు ఏం గాలే గదా?"

"నిమ్మకాయ మంచిగనే ఉంది కొడకా," అంది కాలువలోంచి ఒక గొంతు. "మీ అమ్మనే బురదల వడ్డది. జర లేపుతవా?"

వాడు గబగబా కాలువలోకి దిగాడు. ప్రేమలత నవ్వలేక పొట్ట పట్టుకుంది. నారాయణమ్మకు కూడా ముందు నవ్వే వచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. కన్నకొడుకు కాయను చూశాడు గానీ మనిషిని చూడలేదు.

మర్నాడు ఆమె మెడలో పదకొండు నిమ్మకాయల దండ, నుదుట రూపాయంత కుంకుమ, చేతిలో వేపకొమ్మ. కుంటుకుంటూ రోడ్డెక్కింది. టిప్పరు కీచుమని ఆగింది. బస్సు ఆగింది. శ్రీశైలం ఆటో కూడా ఆగింది. బస్సు డ్రైవరు రెండు చేతులూ జోడించాడు.

నారాయణమ్మ సగం దారిలో నిలబడిపోయింది.

"దండం నాకా అయ్యా, కాయలకా?"

డ్రైవరు చూపు దండ మీదే ఉంది. నారాయణమ్మ మెడలోని దండ తీసి, వెంట వచ్చిన ప్రేమలత చేతిలో పెట్టింది. కొంగుతో కుంకుమ తుడుచుకుంది. ఇప్పుడు రోడ్డు మీద ఉన్నది ఒట్టి ముసలమ్మ.

టిప్పరు గుర్రుమంది. ముందుకు కదలబోయింది.

శ్రీశైలం ఆటోలోంచి ఉరికి వచ్చి దానికి ఎదురుగా చేతులు చాపి నిలబడ్డాడు. "ఆగున్రి! మా అమ్మ దాటుతుంది!"

నారాయణమ్మ తొందరపడలేదు. చేను గట్టు ఎక్కి, ఆగిన బండ్లన్నిటినీ తీరిగ్గా చూసి, పకపకా నవ్వింది.

"రేపు గిదే టైముకు మల్ల వస్త!"