శనివారం పదకొండు నుంచి పన్నెండు దాకా

అమ్మకానికి పెట్టిన ఇళ్లను చూడముచ్చటగా సర్దిపెట్టడం ఆమె పని. బ్రోకర్లు ఆమెను సర్దుబాటక్క అనేవారు. వేళాకోళానికి పెట్టిన పేరే పదిహేనేళ్లలో ఖాయమైపోయింది. ఇప్పుడు ఫోనెత్తి తనే "సర్దుబాటక్కని మాట్లాడుతున్నా" అంటుంది. సామాను వ్యాను ఆమె భర్త నడుపుతాడు. తెల్ల సోఫాలు, ఎవరూ తుడుచుకోకూడని తువ్వాళ్లు, గాజు గిన్నెలో నిమ్మకాయలు, గది పెద్దగా కనిపించడానికి కాస్త పొట్టిగా చేయించిన మంచం. ఇవన్నీ ఇంటింటికీ తిరిగే సామాను.

ఓడరేవు పక్కనున్న ఆ కొండ మీద ఇళ్లన్నీ నీళ్లవైపే మొహం పెట్టుకుని ఉంటాయి. ఒక ఇల్లు మంచి ధరకు పోయిందంటే చాలు, పక్కింటివాళ్లు ఆ వారమే బ్రోకర్ని కాఫీకి పిలుస్తారు. కొనేవాళ్లు గోడల్ని చూడరని ఆమె ఎప్పుడో కనిపెట్టింది. ఆ కిటికీ దగ్గర కాఫీ కప్పుతో నిలబడ్డ తమను తాము చూసుకుంటారు. కిటికీకి ఎదురుగా అద్దం పెడితే ఒక సముద్రం రెండవుతుంది. ఈ కిటుకులన్నీ ఆమెకు కరతలామలకం. వాటితోపాటు నడుంనొప్పి కూడా వచ్చింది.

ఒకరోజు బ్రోకరు ఫోన్ చేశాడు. "అక్కా, ఇల్లు బంగారం. లోపల మనుషులున్నారు, అదే చిక్కు."

ఆ ఇల్లు ఒక కెప్టెన్‌ది. పెద్ద ఓడల్ని తాడు కట్టి రేవులోకి లాక్కొచ్చే టగ్ బోటును ముప్ఫయ్యేళ్లు నడిపాడాయన. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాటల్లో "ఊ", "ఊహూ" మిగిలాయి. ముందుగదిలో నీళ్లు కనిపించేలా ఆస్పత్రి మంచం వేసి ఉంది. ఇంటినుంచి రోడ్డుకు ఇరవైరెండు మెట్లు. అంబులెన్సు వచ్చినప్పుడు తప్ప ఆయన ఆ మెట్లు దిగింది లేదు. ఆయన్ను లేపీ, దించీ భార్యకు భుజం జారిపోయింది. మెట్లు లేని ఇంటికి పోదామని ఆవిడే నిర్ణయించింది.

"ఇంట్లో జబ్బు ఉందని తెలిసిందా, రేటు దభీమని పడిపోతుంది. ఏమీ కనపడకూడదు" అన్నాడు బ్రోకరు.

సర్దుబాటక్క ఏమీ కనపడకుండా చేసింది. ప్రతి శనివారం పదకొండు నుంచి పన్నెండు దాకా జనం ఇల్లు చూసుకోవడానికి వస్తారు. పదింటికల్లా ఆస్పత్రి మంచం విడదీసి వ్యానులో పడేయాలి, దాని స్థానంలో తెల్ల సోఫా రావాలి. స్నానాలగదిలో ఆయన పట్టుకుని లేచే ఇనుప కమ్ముల్ని భర్తచేత ఊడదీయించి, గోడకున్న రంధ్రాల్లో తెల్ల సిమెంటు కూరించింది.

"మరి ఆయన స్నానం?" అని అడిగింది కెప్టెన్ భార్య.

"ఒక్క నెల ఓర్చుకోండి అమ్మగారూ."

"సరేలే, నేను పట్టుకుంటా."

ఏ భుజంతో పట్టుకుంటుందో ఇద్దరికీ తెలుసు. సర్దుబాటక్క తల వంచుకుని తువ్వాళ్లు మడతపెట్టింది.

మొదటి శనివారం కెప్టెన్ని ఎక్కడ పెట్టాలన్నది పెద్ద సమస్య అయింది. చివరికి సోఫాలు దించే పట్టీలతోనే ఆయన్ను చక్రాల కుర్చీకి బిగించి, సర్దుబాటక్కా ఆమె భర్తా చెరోవైపు పట్టుకుని మెట్లు దించారు.

"సోఫా కంటే మీరే నయం సార్, బరువు తక్కువ. కాకపోతే సోఫా నన్ను లోలోపల తిట్టుకోదు" అన్నాడు సర్దుబాటక్క భర్త, రొప్పుతూ.

కెప్టెన్ నోరు ఎడమవైపు మాత్రం నవ్వింది.

కుర్చీని ఫెర్రీ ఎక్కే రేవు దాకా తోసుకెళ్లి గట్టున ఆపారు. ఆయన టగ్ బోట్లను చూస్తూ ఉండిపోయాడు. ఒక కుర్ర నావికుడు ఓడను కాస్త వేగంగా గట్టుకు ఆనించబోతే "ఊహూ! ఊహూ!" అని ఎడమ చెయ్యి ఊపాడు. కెప్టెన్ భార్యకు ఎక్కడికి వెళ్లాలో తెలియలేదు. వచ్చి వ్యాను ముందుసీట్లో సర్దుబాటక్క పక్కన కూర్చుంది. "నా ఇంటికి నేనే అడ్డమయ్యానే అమ్మాయ్" అంది. కానీ నాలుగో శనివారానికి మాట మారింది. "ఈ ఇల్లు అమ్ముడుపోకపోతేనే మేలు. రెండేళ్లలో ఈయన మొహం ఇంత తేటగా చూళ్లేదు."

సర్దుబాటక్క నవ్వింది. మోకాళ్లు మాత్రం నవ్వలేదు.

ఐదో శనివారం పొద్దున్నుంచీ కుంభవృష్టి. మెట్లన్నీ నాచుపట్టి జారుతున్నాయి. ఆమె భర్త మెట్టు మీద చెప్పు రుద్ది చూసి, "నావల్ల కాదు. సోఫా జారితే కాలు విరుగుతుంది, ఇంకోటి కొంటాం. మనిషి సంగతేంటి?" అన్నాడు.

అప్పటికే బ్రోకరు గొడుగు మడుస్తూ గుమ్మంలో నిలబడ్డాడు. "అక్కా, పేరు నిలబెట్టుకో. ఏదో సర్దుబాటు చెయ్యి."

ఆమె కెప్టెన్ని తెల్ల సోఫా పక్కన పడక్కుర్చీలో కూర్చోబెట్టి, తల దువ్వి, మోకాళ్ల మీద బూడిదరంగు శాలువా కప్పింది. చూడ్డానికి పుస్తకం పక్కనపెట్టి కునికే పెద్దమనిషిలా ఉన్నాడు. తన చేతిపనిని చూసుకుని ఆమెకే రోత పుట్టింది.

జనం వచ్చారు. ఆయన చుట్టూ బల్లను తప్పుకున్నట్టు తప్పుకుని తిరిగారు. "ఈయన కూడా ఇంటితోపాటే వస్తారా?" అని ఒకామె మొగుడి చెవిలో నవ్వింది. ఆ గుసగుస వంటగది దాకా వినిపించింది. కెప్టెన్ భార్య అక్కడ కుళాయి విప్పి ఊరికే చేతులు కడుక్కుంటూ ఉండిపోయింది.

చివర్లో ఒక పళ్ల డాక్టరు వచ్చింది, నలభై ఏళ్ల మనిషి, ఒంటరిగా. సముద్రం వైపు చూడకుండా తిన్నగా స్నానాలగదిలోకి వెళ్లి, పలకల మీద గోరుతో గీరింది.

"ఇక్కడ పట్టుకునే కమ్ములు ఉండేవా?"

"అబ్బే, లేవండీ!" అన్నాడు బ్రోకరు.

ఆవిడ సర్దుబాటక్క వైపు తిరిగింది. నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ పొద్దున్నుంచీ అబద్ధాలు సర్దిసర్ది ఆమెకు ఓపిక అయిపోయింది.

"ఉండేవండీ. నేనే తీయించాను."

"అనుకున్నా. రోజంతా పూడ్చిన రంధ్రాలు వెతకడమే కదా నా బతుకు" అంది డాక్టరు. "మా అమ్మకు తుంటి విరిగింది. ఎవరింటికి వెళ్లినా ముందు ఇవే చూస్తా. ఆ కమ్ములు పారేశారా?"

"వ్యానులో ఉన్నాయి."

డాక్టరు వచ్చి కెప్టెన్ ఎదురుగా నేలమీద కూర్చుని, "గాలి ఎటునుంచి వస్తుందండీ ఇక్కడ?" అని అడిగింది. ఆ రోజు ఆయన్ను ప్రశ్న అడిగింది ఆవిడొక్కతే. ఆయన ఎడమ చేత్తో చూపించాడు, మళ్లీ సగం తిప్పి ఇంకోవైపు చూపించాడు. కాలాన్ని బట్టి మారుతుందని భార్య వంటగదిలోంచి వచ్చి చెప్పింది. ఆవిడ చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి.

మంగళవారానికి ఇద్దరు ధర చెప్పారు. ఒకరు పళ్ల డాక్టరు. రెండోవాడు ఒక బిల్డరు, గుమ్మం కూడా తొక్కనివాడు. అతనికి కావలసింది స్థలం, అందుకు డాక్టరు కన్నా చాలా ఎక్కువే ఇస్తానన్నాడు. ఇల్లు పడగొట్టి ఐదంతస్తులు లేపుతాడట.

కెప్టెన్ భార్య సర్దుబాటక్కను రమ్మని కబురు పెట్టింది. "నువ్వు ఎన్నో ఇళ్లు చూశావు. ఏం చెయ్యమంటావు?"

ఆవిడ ఏ జవాబు కోసం చూస్తోందో సర్దుబాటక్కకు అర్థమైంది. ఆ జవాబు చెప్పడం తేలిక కూడా. "డాక్టరమ్మకిస్తే మనసుకు బాగుంటుంది అమ్మగారూ. ఒక నెల బాగుంటుంది" అంది. "ఎక్కువ ఇచ్చేవాడికిస్తే సారుకు పగలంతా ఒక మనిషిని పెట్టుకోవచ్చు. మీ భుజం బాగవుతుంది. పైగా ఈ మెట్లు వాళ్లమ్మకూ మెట్లే కదా. ఆవిణ్ణి ఎవరు దించుతారు?"

"నిన్ను అడక్కుండా ఉండాల్సింది" అంది కెప్టెన్ భార్య. మర్నాడు బిల్డరు కాగితాల మీద సంతకం పెట్టింది.

పళ్ల డాక్టరు కోపగించుకోలేదు. తనే ఫోన్ చేసి, "మెట్లు లేని ఇల్లేదైనా తగిలితే చెప్పండి" అంది.

"ఈ కొండ మీదా డాక్టరుగారూ?"

అవతల ఆవిడ నిట్టూర్చి నవ్వింది. ఇవతల సర్దుబాటక్కా నవ్వింది. ఇద్దరూ ఫోన్ పెట్టేశారు.

"అనవసరంగా చచ్చేలా మోశాం అక్కా" అన్నాడు బ్రోకరు. "ఆ బిల్డరు ఫొటోలు కూడా చూళ్లేదట." ఆ మాట విన్నాక వ్యాను మెట్టు మీద కూర్చున్న సర్దుబాటక్కకు లేవడానికి పావుగంట పట్టింది.

కెప్టెన్ దంపతులు కొండకు వెనకవైపు, బస్సులు తిరిగే రోడ్డు మీద, నేల అంతస్తులో ఫ్లాటు తీసుకున్నారు. సముద్రం వాసన కూడా అక్కడికి రాదు. సామాను మోయడానికి సర్దుబాటక్క, భర్త వ్యాను వేసుకుని వచ్చారు. ఎవరూ పిలవలేదు. ఎందుకొచ్చారని కూడా ఎవరూ అడగలేదు. భర్త తిన్నగా స్నానాలగదిలోకి వెళ్లి గోడకు కమ్ములు బిగించసాగాడు. కెప్టెన్ భార్య వంటగదిలో గిన్నెలు విప్పుకుంటోంది.

సర్దుబాటక్క ముందుగది మధ్యలో నిలబడి మంచం వైపు చూసింది. పదిహేనేళ్లుగా గుమ్మంలో నిలబడి చూసేవాళ్ల కోసమే ఆమె గదులు సర్దింది. పడుకుని చూసేవాడికి గది ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. కెప్టెన్ కుర్చీలోంచి ఆమెనే చూస్తున్నాడు.

"ఒక్క నిమిషం సార్" అని చెప్పులు విడిచి, మంచమెక్కి వెల్లకిలా పడుకుంది. ట్యూబులైటు సరిగ్గా కళ్లలో పడింది. లేచి మంచం తిప్పి మళ్లీ పడుకుంది. ఇప్పుడు గోడ తప్ప ఏమీ లేదు. మూడోసారి కిటికీ వైపుకి జరిపింది. బస్టాపు కనిపించింది. సంచులు పట్టుకున్న మనుషులు, వాళ్లలో వాళ్లే కొట్లాడుకుంటున్న ఇద్దరు కాలేజీ పిల్లలు, రోడ్డు మీద మలుపు తిరుగుతున్న పెద్ద బస్సు.

"ఇలా ఉండనీయమంటారా?"

"ఊ" అన్నాడు కెప్టెన్.

దిండు మెత్తగా ఉంది. ఇంకో రెండు నిమిషాలు చూసి లేద్దామనుకుంది.

టీ కప్పులతో వచ్చిన కెప్టెన్ భార్య గుమ్మంలోనే ఆగిపోయింది. సర్దుబాటక్క భర్త స్క్రూడ్రైవరు పట్టుకుని బయటికొచ్చి, "ఇదేంటే, ఇక్కడ..." అని గట్టిగా పిలవబోయాడు.

"ఊహూ" అన్నాడు కెప్టెన్, ఎడమ చెయ్యి ఎత్తి.

అతను నోరు మూసుకున్నాడు. మిగతా ఇద్దరూ ఆయన పక్కకు కుర్చీలు జరుపుకున్నాక, ముగ్గురూ చప్పుడు కాకుండా టీ తాగారు.