సంతకానికి తెచ్చిన మొగుడు

సువార్తకు మూడో నెల. మొగుడు జీవరాజు లారీ రాత్రికి ఊళ్లకు వస్తది. ఆమెకు మిగిలింది ఈ పగలొక్కటే.

"ఇద్దరూ ఆడపిల్లలే. ఈసారి కొడుకే, గ్యారంటీ!" అని లోడు తీస్కపోయే ముందు గల్లీ అంతా చెప్పిపోయిండు. రెండో కాన్పుకు రక్తం ఆగక ఆమె చావు అంచు దాకా పోయొచ్చింది. ఆయనకు అది యాదికే లేదు. ఎందుకుంటది? చావబోయింది ఆయన కాదు గదా.

రెజిమెంటల్ బజార్ టైలర్ షాపులో హనీఫాది సువార్త పక్క మిషను. కడుపు తీయించుకునే దారి ఆమే చూపింది. "మొగుని సంతకం లేకుంటే ఏ నర్సింగ్‌హోమోళ్లూ ముట్టరే. అందరూ ఎవర్నో ఒకర్ని మొగుడని తీస్కపోతరు. మా లాల్ భాయ్ ఆటో పక్కకు పెట్టి వస్తడు."

వచ్చిండు. నర్సింగ్‌హోమ్ హాల్లో గోడకు టీవీ. ఎవరో పెళ్లయినామె కడుపు తీయించుకుంటానంటే కోర్టు మొన్న సరేనని ఇయ్యాల వద్దన్నదట. దాని మీద నలుగురు మొగోళ్లు గొంతులు చించుకుంటున్నారు. ఆమెకు నెలలు బాగా ముదిరినయి, అందుకే వద్దన్నరు. ఆ ముక్క మాత్రం ఎవడూ చెప్పడు. సువార్త పక్కనున్న హనీఫా చెయ్యి గుంజింది.

"హనీఫా, అందరికీ బంద్ పెట్టిన్రా ఏందే?"

"నీకు కాదు. జెర ఊకో."

"మా ఇంటిదానికి తెలిస్తే ముందు నాకే ఆపరేషన్ చేస్తది," అన్నాడు లాల్. హనీఫా మోచేత్తో ఒక్కటి పొడిచింది.

లోపల డాక్టర్ ఊర్మిళ లాల్‌ను ఎగాదిగా చూసింది. "పిల్లలెంతమందయ్యా?"

"ఒక్కడే మేడం, కొడుకు! మస్తు చదువుతడు!"

నోట్ల నుంచి సొంత కొడుకు ఊడిపడ్డాడు. ఇద్దరాడపిల్లలని సువార్త అప్పటికే నర్సుకు చెప్పింది. డాక్టర్ పెన్ను బల్లమీద పడేసింది. లాల్ "ఆటో... పోలీసోళ్లు..." అని గొణిగి, చెప్పులు సుత సరిగ్గ తొడగకుండా ఉరికిండు.

"నాటకాలా? అసలు మొగుణ్ణి తీసుకురా."

"ఆయనొస్తే చెయ్యనియ్యడు, మేడం." సువార్త బల్ల మీదికి వంగింది. "కడుపు నాది. చచ్చేది నేను. నా సంతకం చాలదా? నిజం చెప్పున్రి."

డాక్టర్ గొంతు తగ్గించింది. "చాలు. చట్టం అదే. కోర్టు కూడా చెప్పింది. కానీ పోయినేడు ఒకామె మొగుడొచ్చి మా అద్దాలన్నీ పగలగొట్టిండు."

"అద్దం పగులుతదని నన్ను పగలగొడతరా?"

సువార్త చేతిలో ఫోను మోగింది. జీవరాజు. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. ఆ పేరు డాక్టర్ కూడా చూసింది.

"రేపు పొద్దున రా. ఏం తినకుండ."

"రేపు నన్ను గడప దాటనియ్యడు. నేను పొద్దట్నుంచి మంచినీళ్లు సుత ముట్టలే."

డాక్టర్ తలుపు వైపు చూసింది. దానికీ అద్దమే, కొత్తది. పెన్ను మెల్లగా సువార్త ముందుకు జరిపింది. "సిస్టర్, థియేటర్ రెడీ చెయ్యి."

సువార్త సంతకం పెట్టింది. హాల్లోకొచ్చి ఫోను హనీఫా చేతిలో పెట్టింది. అది ఇంకా మోగుతూనే ఉంది.

"ఎత్తితే ఏం చెప్పాలె?"

"నువ్వు ఎత్తకు. లేచినంక నేనే చెప్తా."

"లేస్తవు గదా?"

సువార్త చెప్పులు హనీఫా కాళ్ల దగ్గర విడిచింది. నర్సు వెనక నడిచింది.