జడ విప్పే కోపు

సొంతంగా ఒక ప్రోగ్రామింగ్ భాష తయారుచేయాలన్న కోరిక నాకు తిరుపతిలో, విశ్వవిద్యాలయపు కంప్యూటర్ గది బయట వంతు కోసం కాచుకున్న రోజుల్లోనే పుట్టింది. యాభై దాటిన తరువాత ఈ వేసవిలో, కేవలం సరదాకు, దాన్ని తీర్చుకున్నాను. చాలా చిన్న భాష. ఒక వరుస చదువుతుంది, అది చెప్పిన పని చేస్తుంది, తరువాతి వరుసకు పోతుంది. దానికి తెలిసిన పని ఒక్కటే: తెరమీద రంగు తాళ్ళను జడగా అల్లడం.

కార్వేటినగరంలో మా నాయన జడకోలాటం ఆడించేవాడు. పందిరి దూలానికి కట్టిన రంగు తాళ్ళ కొసలు పట్టుకుని, ఆయన కోపు, అంటే అడుగుల వరుస, చెప్పినట్టల్లా ఆటగాళ్ళు లోపలికీ బయటికీ దూరుతూ ఉంటే తలలపైన జడ దిగుతూ వచ్చేది. ఆ తరువాత వెనక్కి ఆడి దాన్ని విప్పాలి. చిక్కుపడకుండా విప్పించడంలోనే గురువు గొప్పతనం. ఆ చివరి అడుగుల్లో పెట్రోమాక్స్ వెలుతురు కింద నాయన ముఖం ఎంత గంభీరంగా ఉండేదో నాకిప్పటికీ కనబడుతుంది.

ఆయన పోయాక ఆ కోపులు అక్క చెంగమ్మకు తప్ప ఎవరికీ తెలియవు. పలమనేరులో లెక్కల టీచరుగా చేసి రిటైరైన అక్కకు ఇప్పుడు కూరలో ఉప్పు వేసిందీ లేనిదీ జ్ఞాపకముండడం లేదు. ఇది పెరిగేదే గాని తగ్గేది కాదని డాక్టరు నాతో విడిగా చెప్పాడు. అందుకే ఆమెను నా ఇంటికి తెచ్చుకుని, కంప్యూటరు ముందు కూర్చోబెట్టాను.

"నాయన కోపు చెప్పక్కా, రాసుకుంటాను."

"పెండ్లి చేసుకోరా అంటే చేసుకోకపోతివి. ఈ వయసులో బొమ్మలాటలా?" అంటూనే కళ్ళు మూసుకుంది. వేళ్ళు మోకాలిమీద తాళం వేస్తుండగా వరుసగా చెప్పింది. నేను నా భాషలో రాశాను. జడ అచ్చంగా నాయన జడలాగే దిగింది. విప్పేటప్పుడు మాత్రం సగంలో ఎర్రతాడు పచ్చతాడుకు చిక్కుకుంది. మళ్ళీ చెప్పించాను. మళ్ళీ అక్కడే చిక్కు.

అక్క ముఖం వాడిపోయింది. "ఇదీ మరిసిపోయినానేమోరా."

"తప్పు నా భాషదే అయ్యుంటుంది" అన్నాను. ఆ మాట నేనే పూర్తిగా నమ్మలేదు.

ఆమె లేచి, దండెం మీది తువ్వాళ్ళు రెండు తెచ్చి కిటికీ కమ్మీకి కట్టింది. "లెయ్. ఒక కొస పట్టుకో."

ఇద్దరం ఆడాం. అల్లాం, విప్పసాగాం. చిక్కుపడే చోటికి రాగానే నేను లోపలికి దూరబోయాను.

"నిలబడ్రా! నాయన ఈల వేసినాడు కదా! ఈల వేస్తే బయటోళ్ళు కదలకూడదు."

"ఈలా? ఆ సంగతి చెప్పనే లేదే!"

"అది మాట కాదు కదరా. నువ్వు మాటలే అడిగినావు."

నిజమే. నా భాషలోని మాటలన్నీ నడిపించేవే. నిలబెట్టే మాట ఒక్కటీ లేదు. వెంటనే ఒకటి చేర్చాను. దానికి 'ఆగు' అని పేరు పెట్టబోతే అక్క ఒప్పుకోలేదు. 'ఈల' అనే పెట్టించింది.

ఈసారి ఎర్రతాడు కదలక నిలిచింది. పచ్చతాడు దాని పక్కనుంచి దాటింది. ఆ వెనుక తాళ్ళన్నీ వదులై, నిటారుగా వేలాడాయి. అక్క రెప్ప వేయకుండా చూసింది.

"మళ్ళా అల్లరా," అంది. "రవ్వంత నిదానంగా."