మూడు ఊళ్ళ బిళ్ళలు

డాక్టరు, నర్సు, మందుల షాపువాడు ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగుతుంటే సత్తిరాజుకి అనుమానం పట్టుకుంది.

ధాన్యం మిల్లులో కాటా దగ్గర ముప్పై ఏళ్ళు నిలబడ్డ మనిషి ఆయన. దళారీ, గుమాస్తా, లారీవాడు ఎవరికి వారే ఉన్నంతకాలం రైతుకి భయం లేదు. ముగ్గురూ ఒకచోట చేరి నవ్వుకుంటున్నారంటే బస్తాకి రెండు కేజీలు గాల్లో కలిసినట్టే. నరసాపురంలో ఈ చిన్న ఆసుపత్రి వరండాలో కూడా అదే వరస కనబడింది ఆయనకి. రోజూ పదకొండయ్యేసరికి డాక్టరు ఉదయభాస్కర్, నర్సు తబిత, షాపు వెంకన్న కూడబలుక్కుంటారు. రెండు మూడు జబ్బులున్నవాళ్ళ కాగితాలు ముందేసుకుని గుసగుసలు.

లోపల మంచం మీద ఆయన భార్య రత్నమాణిక్యం ఉంది. నాలుగు రోజుల క్రితం లేసు అల్లుతూ అల్లుతూ కూర్చున్నచోటే ఒరిగిపోయింది. ఒళ్ళంతా చెమటలు, మాట ముద్దముద్ద. పదేళ్ళుగా సుగరు, ఆరేళ్ళుగా బీపీ, మోకాళ్ళ నొప్పులు సరేసరి. ఈమధ్య పాదాలు బూరెల్లా పొంగుతున్నాయి.

తెచ్చిన దగ్గర్నుంచీ వీళ్ళ వైద్యం ఒక్కటీ సత్తిరాజుకి రుచించలేదు. సుగరున్న మనిషికి గ్లూకోజు ఎక్కించారు. ఆపైన సుగరు బిళ్ళలు మొత్తం ఆపేశామన్నారు. ఇల్లు తగలబడుతుంటే కిరసనాయిలు పోసి, నీళ్ళబిందె దాచేసినట్టు లేదూ?

మొదటిరోజే తబిత అడిగింది.

"బాబాయిగారూ, పిన్నిగారు వాడే మందులన్నీ ఓ సంచిలో వేసుకుని పట్రండి. చీటీలు కూడానండి. ఖాళీ అట్టలైనా పర్లేదు."

"అన్నీ ఎందుకమ్మా?"

"ఏది దేంతో పోట్లాడుతుందో చూడాలి కదండీ."

"మందులు పోట్లాడుకుంటాయేంటి, తోడికోడళ్ళా?"

తబిత పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. మర్నాడు బీపీ బిళ్ళల అట్ట ఒక్కటి తెచ్చి చేతిలో పెట్టి, ఇంతేనమ్మా అన్నాడు.

ఇంతే కాదు. కాటా దగ్గర ఆయన నేర్చిన నీతి ఒకటుంది. ఒకచోట తూచిన బస్తాని రెండోచోట తూయిస్తే, మొదటి తూకం రెండోవాడికి చెప్పకూడదు. చెబితే వాడు ముల్లు చూడడు, ఆ అంకె మళ్ళీ చదువుతాడు. డాక్టర్ల దగ్గరా అదే పాటించాడు. భీమవరంలో సుగరు డాక్టరు రాసిన చీటీ పాలకొల్లు డాక్టరుకి చూపించలేదు. "ఏమన్నా వాడుతున్నారా?" అని ఆయనడిగితే, "అబ్బే, ఏమీ లేదండి" అన్నాడు. ఆయనా రక్తం చూసి బీపీ బిళ్ళలతోపాటు ఇంకేదో రాశాడు. ఇద్దరిలో ఎవరి తూకం నిజమో తేల్చుకోలేక సత్తిరాజు రెండు చీటీల మందులూ వేయించాడు. మోకాళ్ళకి ఊళ్ళో ఆరెంపీ డాక్టరు యెహెజ్కేలు ఇచ్చే ఎర్రబిళ్ళలు వేరే. మాణిక్యం ఏనాడూ ఇదేంటని అడగలేదు. ఆయన చేతిలో పెడితే నోట్లో వేసుకునేది.

ఇక్కడ బిళ్ళలు ఆపేశారన్న సాయంత్రం నుంచీ క్యారేజీ అడుగుగిన్నెలో పొట్లం కట్టి తెస్తున్నాడు. తబిత అటు తిరగ్గానే భార్య నోట్లో వేసి మంచినీళ్ళు పట్టిస్తున్నాడు. వీళ్ళని నమ్మి ఊరుకుంటే మనిషి దక్కుతుందా!

టీలు తాగుతున్నవాళ్ళ మాటలు స్తంభం వెనకనుంచి వినబడ్డాయి.

"బిళ్ళ ఆపి మూడు రోజులైందండి. అయినా పొద్దునపూట సుగరు పడిపోతానే ఉంది" అంది తబిత.

"నా షాపులోంచైతే ఏదీ వెళ్ళలేదండోయ్" అన్నాడు వెంకన్న.

"బయటినుంచి ఏదో వస్తోంది" అన్నాడు డాక్టరు. "ఈసారి ఇంకా కిందికి పడితే మెదడుకి దెబ్బ. ఆవిడ మనల్నీ గుర్తుపట్టదు, మొగుణ్ణీ గుర్తుపట్టదు."

సత్తిరాజుకి భయం వేసింది. అయినా మనసు ఒప్పుకోలేదు. వైద్యం చెడగొట్టింది వీళ్ళు, నెపం నా నెత్తిన రుద్దడానికి చూస్తున్నారు, అనుకున్నాడు. నోరు తెరిచానా, చేజేతులా దొరికిపోయినట్టే.

మర్నాడు పొద్దున్నే పొట్లం విప్పి బిళ్ళలు వేశాడు. "ఇడ్లీ తినవే" అంటే, "వద్దండి, వికారంగా ఉంది" అని గోడవైపు తిరిగిపోయింది మాణిక్యం. కాసేపటికి పిలిస్తే పలకలేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా, చెమటతో జారిపోయింది. మొహం తనవైపు తిప్పాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ చూపు ఆయన మీద ఆగలేదు.

"ఎవరండీ మీరు?" అంది.

నలభై రెండేళ్ళ కాపురం. సత్తిరాజు వరండాలోకి పరిగెత్తాడు.

"అమ్మా! తబితమ్మా!"

తబిత, వెనకే డాక్టరు పరుగున వచ్చారు. డాక్టరు నరానికి సూది గుచ్చి గ్లూకోజు ఎక్కిస్తూ, తలెత్తకుండా అడిగాడు.

"సత్తిరాజుగారూ, ఏం వేశారు? మిమ్మల్ని తిట్టను. ఏం వేశారో చెప్పండి."

సత్తిరాజు క్యారేజీ అడుగుగిన్నె తీసి మంచం మీద బోర్లించాడు. తెల్లవి, పసుపువి, ఎర్రవి బిళ్ళలు అట్టలతో సహా దుప్పటి మీద పడ్డాయి. తబిత వెంకన్నని కేకేసింది. అతను రెండు అట్టలు తిప్పి చూసి నాలిక కరుచుకున్నాడు.

"తెల్లదీ పసుపుదీ ఒకటేనండి బాబూ! కంపెనీలు వేరు, మందు ఒకటే. సుగరు తగ్గించేదే, డబల్ డోసు!"

"ఎర్రది నొప్పుల బిళ్ళ. కిడ్నీలమీద పడేది ఇదే. ఆ వాపూ దీనివల్లే అయ్యుంటుంది. కిడ్నీ సరిగ్గా లేకపోతే సుగరు మందు ఒంట్లోంచి పోదు కూడా" అన్నాడు డాక్టరు.

"తెల్లది భీమవరం, పసుపుది పాలకొల్లు, ఎర్రది మా ఊరి యెహెజ్కేలిచ్చింది. వేరేవేరే ఊళ్ళవి కదండీ" అన్నాడు సత్తిరాజు.

"ఊళ్ళు వేరైతే ఏంటి బాబాయిగారూ, పడేది ఒక్క కడుపులోనే కదండీ" అంది తబిత.

పావుగంటకి మాణిక్యం కళ్ళలోకి వెలుగొచ్చింది. చుట్టూ చూసి, "ఏంటిది, అందరూ ఇక్కడే చేరారు? నాకేమన్నా అయిందా?" అంది. తబిత జరిగింది చెప్పింది. మాణిక్యం మొగుడివైపు ఒక్క చూపు చూసి ఊరుకుంది. ఆ చూపుకంటే నాలుగు దెబ్బలు కొట్టినా బాగుండేది.

"ఇంక అన్నీ ఒకే కాగితం మీద రాస్తాను" అన్నాడు డాక్టరు. "భీమవరం, పాలకొల్లు డాక్టర్లకి ఫోను నేనే చేస్తాను. ఊళ్ళో యెహెజ్కేలుకి తబిత చెబుతుంది."

"ఆ కాగితం నాకివ్వండి బాబూ. ఏ బిళ్ళ దేనికో నాకు చెప్పండి. ఈయనకిస్తే ఇంకోచోట తూయించుకొస్తారు" అంది మాణిక్యం.

వెంకన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. డాక్టరు కలం తీసి, అన్నీ వరసగా రాసి, తెల్లదీ పసుపుదీ కొట్టేసి, ఎర్రది కొట్టేసి, "ఇంతేగా?" అన్నాడు.

ఎవరూ సత్తిరాజుని అడగడం లేదు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు కూడా. ఆయన గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు.

"ఇంకోటి ఉందండి."

అందరూ ఇటు తిరిగారు.

"పొడపత్రి చూర్ణం. సుగరుకి మంచిదన్నారని... రోజూ మధ్యాహ్నం మజ్జిగలో కలుపుతున్నానండి. మాణిక్యానిక్కూడా చెప్పలేదు."

డాక్టరు కలం ఆగిపోయింది.

"ఓరి దేవుడో!" అని మాణిక్యం మంచం మీద లేచి కూర్చుంది. "ఏడాదిబట్టీ మజ్జిగ చేదేంటా అని ఆ గేదెని తిడతన్నాను కదండీ!"