పదిహేనో హోల్ దగ్గర మూడు నిమిషాలు

మా చెల్లెలు సెంగా కూతురు మోర్వెన్‌కి గోల్ఫ్ కర్ర పట్టుకోవడం నేర్పింది నేనే. దానికప్పుడు ఐదేళ్ళు. నేను మా ఊరి బాల్‌నెస్ గోల్ఫ్ కోర్సులో గడ్డి కోసే పనిలో ఉండేవాణ్ణి. సాయంత్రం దొరలు వెళ్ళిపోయాక సముద్రం వైపు దిబ్బల మధ్య ఇద్దరం బంతులు కొట్టుకునేవాళ్ళం. ఆడవాళ్ళని క్లబ్బు గడప తొక్కనివ్వని రోజులవి. వాన ముంచుకొస్తే దాన్ని యంత్రాల షెడ్డులో కూర్చోబెట్టి నా ఫ్లాస్కులో టీ సగం పోసిచ్చేవాణ్ణి.

ఆ పిల్లకి ముప్పై మూడేళ్ళు వచ్చిన ఏడాది, ఆడవాళ్ళ పెద్ద ఛాంపియన్‌షిప్ మొట్టమొదటిసారి మా కోర్సుకి వచ్చింది.

అప్పటికి మోర్వెన్ పన్నెండేళ్ళుగా సూట్‌కేసు పట్టుకుని దేశాలు తిరుగుతోంది. ఒక్క పోటీ గెలవలేదు. పోర్చుగల్‌లో ఒకసారి మూడో స్థానం వచ్చింది, అంతే. ఆ ముందు క్రిస్మస్ రోజు మా వంటింట్లో బంగాళదుంపలు చెక్కు తీస్తూ, తలెత్తకుండా చెప్పింది.

"వచ్చే ఆగస్టే ఆఖరు మావయ్యా. ఈసారి కూడా ఏం కాకపోతే ఇక నన్ను ఎవరూ ఆడనివ్వరు. నాక్కూడా ఓపిక లేదు."

"మన ఊళ్ళో ఆడుతున్నావు కదే. నీకు తెలియని గడ్డిపోచ ఉందా అక్కడ?" అన్నాను.

"ముందు లోపలికి రానీ. దానికి ముందు అర్హత పోటీ ఉంటుంది, నూట యాభై మందిలో పది మందినే తీసుకుంటారు."

ఆ పదిమందిలో తొమ్మిదోదిగా వచ్చింది. సెంగా ఫోన్లో ఏడ్చింది. నేను మర్నాడే వెళ్ళి వాలంటీరుగా పేరు రాయించుకున్నాను. పదిహేనో హోల్ దగ్గర బంతి చూసే పని కావాలని అడిగాను. కొట్టే చోట నుంచి అక్కడ బంతి పడే చోటు కనపడదు, మధ్యలో మిట్ట అడ్డం. అందుకని మిట్ట మీద జెండాలతో మనుషుల్ని పెడతారు. బంతి పడిన చోటు చూస్తే పచ్చ జెండా, చూడకపోతే ఎర్ర జెండా. ఆ దిబ్బల్లో అంతకాలం బతికినవాణ్ణి కదా, వెంటనే ఇచ్చేశారు.

కాగితంలో ఒక ప్రశ్న ఉంది: దూరపు చూపు బాగుందా అని. బాగుందని రాశాను.

నా రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఎడమ కంటికి అప్పటికే ఏడాదిగా అంతా పాలు కలిపిన నీళ్ళలా ఉంది. ఆపరేషన్‌కి నవంబరులో రమ్మన్నారు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే మోర్వెన్ ఆటని జనం కోసం కట్టిన తాడు అవతల, వాళ్ళ వెనక నిలబడి చూడాలి. నాకు దగ్గరగా ఉండాలని ఉంది. అంతకంటే వేరే కారణం లేదు.

మిట్ట మీద నాకు జోడీగా నెట్టాని వేశారు. రేవు దగ్గర పొగబెట్టిన చేపలు అమ్మి అమ్మి రిటైరైన మనిషి. నోరు మాత్రం రిటైరవ్వలేదు.

"ఇన్నెస్, ఇంతమంది అందగత్తెలు నడుస్తారని తెలిస్తే అప్పుడు గడ్డి కాస్త శ్రద్ధగా కోసేవాడివి కదూ?" అంది మొదటి రోజు పొద్దున్నే.

"నువ్వు తూకం ఎంత శ్రద్ధగా వేశావో నాకు తెలియదా?"

"ముసలాడివైనా నోటికి తుప్పు పట్టలేదు. ఇందా, ఈ రొట్టె తిను."

గురువారం గాలి నిదానంగా ఉంది. మా ముందు నుంచి ప్రపంచంలో మేటి ఆడవాళ్ళంతా నడిచి వెళ్ళారు. బంతి ఎగరడం నాకు సరిగ్గా కనపడకపోయినా, కర్ర తగిలిన చప్పుడు వినపడేది. మంచి దెబ్బకి ఒక శబ్దం ఉంటుంది, గట్టి తలుపు ఒక్కసారి మూసినట్టు. ఆ రోజంతా అదే శబ్దం. బంతి ఎక్కడ పడిందో నెట్టా నాకంటే ముందే అరిచేది. నేను జెండా ఊపేవాణ్ణి. అలా గడిచిపోయింది. మోర్వెన్ ఆ రోజు పార్‌కి, అంటే కోర్సుకి పెట్టిన దెబ్బల లెక్కకి, ఒకటి ఎక్కువ కొట్టింది. మా ముందు నుంచి వెళ్తూ టోపీ అంచు పైకెత్తి నవ్వింది.

శుక్రవారం సాయంత్రానికి సగం మందిని ఇంటికి పంపించేస్తారు. పార్‌కి మూడు ఎక్కువ కొట్టినవాళ్ళ దాకా మిగులుతారని మధ్యాహ్నానికి అందరి ఫోన్లలోనూ వచ్చేసింది. మోర్వెన్ పదిహేనో హోల్‌కి వచ్చేసరికి రెండు ఎక్కువలో ఉంది. ఇంకో నాలుగు హోల్స్ ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడితే చాలు.

గాలి సముద్రం మీద నుంచి తిరిగింది. దాంతోపాటు పల్చటి మంచు కూడా పైకొచ్చింది. తాడు పక్కనే సెంగా, దాని వెనక సగం ఊరు.

చప్పుడు వినపడింది. అది మంచి చప్పుడు కాదు. తర్వాత కాసేపటికి, ఎక్కడో గడ్డిలో బంతి పడిన మెత్తటి అలికిడి. నా మటుకు నాకు కుడివైపు పెద్ద దిబ్బ వాలులో ఏదో తెల్లగా దూకినట్టు అనిపించింది.

"ఎడమపక్క! విరిగిన కంచె గుంజ దగ్గర," అంది నెట్టా.

"కాదు, కుడివైపు. నేను చూశాను."

"ఇన్నెస్, నా కళ్ళతో చూశాను..."

"నలభై ఏళ్ళు ఇక్కడ గడ్డి కోసినవాణ్ణి నేను. గాలి ఎటు తోస్తుందో నాకు చెప్పకు."

పచ్చ జెండా ఊపేశాను.

అది చూసి మోర్వెన్, మొదటిది దొరక్కపోతే పనికొస్తుందని కొట్టే రెండో బంతి కొట్టలేదు. కొట్టాల్సిన అవసరం లేదని నేనే కదా చెప్పాను. గబగబా నడిచి మిట్టెక్కి వచ్చింది.

"ఎక్కడ మావయ్యా?"

"అదిగో, ఆ వాలులో. పది అడుగుల లోపు."

వెతకడానికి మూడు నిమిషాలు ఇస్తారు. రిఫరీ, గళ్ళ స్కర్టు వేసుకున్న పొడుగాటి ఆవిడ, గడియారం నొక్కింది. గడ్డి మోకాలి పైదాకా ఉంది. మోర్వెన్, దాని సంచి మోసే డచ్చమ్మాయి, తోటి ఆటగత్తెలిద్దరూ, నేనూ, అందరం నేను చూపించిన వాలులో వంగి గడ్డి పాయలు తీస్తున్నాం. ఇంకొంచెం కింద, ఇంకొంచెం కింద అంటున్నాను. తాడు అవతల సెంగా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"రెండు నిమిషాలు అయ్యాయి," అంది రిఫరీ.

నెట్టా అప్పటిదాకా నాతోపాటే వెతుకుతోంది. ఏమనుకుందో, లేచి ఎడమవైపు పరిగెత్తడం మొదలుపెట్టింది. డెబ్భై ఏళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు, ఆ గుంటల్లో పడుతూ లేస్తూ. నేను ఆమెని చూసి కూడా అటు వెళ్ళమని ఎవరికీ చెప్పలేదు. అలా చెబితే నాకు కనపడలేదని ఒప్పుకున్నట్టే.

"సమయం అయిపోయింది," అంది రిఫరీ.

పది లెక్కపెట్టేలోపు నెట్టా కేక వినపడింది. కంచె గుంజ పక్కన. పొట్టి గడ్డి మీద, తేలిగ్గా కొట్టగలిగే చోట. బంతి మీద మోర్వెన్ పెట్టుకునే రెండు పచ్చ చుక్కలు.

"అమ్మా, మరి దొరికింది కదా?" అని రిఫరీని అడిగింది నెట్టా, రొప్పుతూ.

"నన్ను క్షమించాలి. మూడు నిమిషాలు దాటిపోయింది."

మోర్వెన్ నా వైపు తిరిగింది. కోపంగా చూస్తుందనుకున్నాను. లేదు. "సరే మావయ్యా," అంది, అంతే. చిన్న బండి ఎక్కించుకుని దాన్ని వెనక్కి తీసుకెళ్ళారు, మొదట్నుంచి కొట్టడానికి. ఆ హోల్‌లోనే రెండు దెబ్బలు పోయాయి. పదహారులో ఇసుక గుంటలో పడి ఇంకొకటి పోయిందని తర్వాత ఎవరో చెప్పారు. మిగతా రెండు హోల్స్ ఎలా ఆడిందో నేను అడగలేదు. ఆ సాయంత్రం ఇంటికి పంపినవాళ్ళలో అదీ ఉంది.

నా పని ఇంకా అవ్వలేదు, వెనక జట్లు వస్తూనే ఉన్నాయి. కాసేపటికి ఒక కొరియా పిల్ల, ఇరవై ఏళ్ళుంటాయేమో, మిట్ట కిందే మా ముందు నిలబడింది. ఎదురుగాలిలో బంతిని నడుమెత్తు కూడా లేవనివ్వకుండా నూట ఎనభై గజాలు పంపింది. అది నేల మీద దొర్లుకుంటూ వెళ్ళి హోల్‌లో పాతిన జెండా కర్ర పక్కన ఆగిందని నెట్టా చెప్పింది. జనం అరుపులతో దిబ్బలు దద్దరిల్లాయి. ఆ కోర్సులో అంత గొప్ప దెబ్బ నేనెప్పుడూ చూడలేదని మామూలు రోజైతే ఊరంతా చెప్పుకునేవాణ్ణి.

"ఇక నుంచి జెండా నా చేతికియ్యి," అంది నెట్టా. ఇచ్చేశాను. ఎప్పటిలాగే నాకూ రొట్టె పెట్టింది. నేను తినలేకపోయాను.

ఐదింటికి టీ డేరాలోకి వెళ్ళాను. మోర్వెన్ బూట్లు విప్పి, కాళ్ళు ఇంకో కుర్చీ మీద పెట్టుకుని కూర్చుంది. సెంగా నన్ను చూడగానే కప్పు తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

"మోర్వెన్, నీతో ఒక మాట చెప్పాలి. నా కళ్ళు..."

"తెలుసు మావయ్యా."

"నెట్టా చెప్పిందా?"

"ఎవరూ చెప్పలేదు. ఫిబ్రవరిలో నాకు టీ పోస్తూ సగం బల్ల మీద పోశావు. అప్పుడే అర్థమైంది."

"మరి నా జెండా ఎందుకు నమ్మావే?"

కాళ్ళ వేళ్ళు నొక్కుకుంది. "నువ్వు ఊపావు కదా," అంది.

ఆదివారం నేనూ అందరిలాగే తాడు అవతల నిలబడ్డాను. ఆఖరి హోల్ ఉన్న నున్నటి గడ్డి, పద్దెనిమిదో గ్రీన్, దాని చుట్టూ వేలమంది. ఆఖరి దెబ్బకి ఒక్కసారిగా నిశ్శబ్దం అయిపోయింది. పక్కనున్న అపరిచితుణ్ణి అడిగాను, "పడిందా?" అని. "పడింది!" అన్నాడు. గెలిచిందెవరో తెలియకుండానే చప్పట్లు కొట్టాను.

సెంగా నాతో మాట్లాడటం మానేసింది. దారిలో ఎదురైతే తలూపుతుంది. మోర్వెన్ కర్రలు అమ్మేసి డండీ పట్నంలో తివాచీలు అమ్మే కొట్లో చేరింది. నేను తప్పు చేశానని మళ్ళీ చెప్పబోతే ఫోన్ పెట్టేస్తుంది, కోపంతో కాదు, విసుగుతో.

నవంబరులో ఆపరేషన్ అయింది. బాగా అయింది. పట్టీ తీసిన వారానికి బస్సెక్కి డండీ వెళ్ళాను. కొట్లో దూరం నుంచే మోర్వెన్ కనపడింది. కళ్ళ చివర ముడతలు, గాలికీ ఎండకీ మాడిన బుగ్గలు, చెవుల దగ్గర తెల్లబడ్డ వెంట్రుకలు. ఇవన్నీ ఎప్పుడొచ్చాయో నాకు తెలియదు.

"ఎలా ఉంది మావయ్యా, కనపడుతోందా?"

"అంతా కనపడుతోంది."

"మంచిది," అంది. ఇంతలో ఒక ముసలి జంట లోపలికొచ్చింది. మెట్లకి తివాచీ కావాలట. మోర్వెన్ టేపు తీసుకుని వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. మళ్ళీ వస్తుందేమోనని చాలాసేపు నిలబడ్డాను. తర్వాత బస్సు టైమైపోతోందని వచ్చేశాను.