నడిమి నట్టు

డెల్మర్ తన కొడుకు పికప్ ట్రక్కును లాగుడుబండి మీద ఎక్కించుకుని వెర్నన్ మరమ్మతు షెడ్డుకు వచ్చేసరికి పొద్దున పది దాటింది. పత్తి చేల మీదుగా గాలి అప్పటికే ఎర్రదుమ్మును లేపుతోంది. ట్రక్కుకు ముందువైపు ఎడమ చక్రం లేదు. చక్రమూ, కుదుపులు ఆపే షాకూ, దాని చుట్టూ ఉండే స్ప్రింగూ, విప్పిన నట్లూ వెనక తొట్టిలో ఉన్నాయి. స్ప్రింగును ఎవరో శుభ్రంగా కడిగారు.

"శనివారం పదింటికి చర్చి. అక్కణ్ణుంచి శ్మశానానికి వాణ్ణి వాడి ట్రక్కులోనే తీసుకెళ్దామనుకుంటున్నా. వాడు చేద్దామనుకున్నట్టే చేసిపెట్టు, వెర్న్. ముందువైపు రెండంగుళాలు లేపు" అన్నాడు డెల్మర్.

వెర్నన్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. మంగళవారం మధ్యాహ్నం నుంచి అతనికి కంటి మీద కునుకు లేదు. అందుకు కారణం ఈ లోకంలో అతనొక్కడికే తెలుసు.

కంపెనీ నుంచి వచ్చే ఏ ట్రక్కయినా ముక్కు కిందికి, పిర్ర పైకి పెట్టుకునే వస్తుంది. వెనక బరువు వేస్తే సమానం కావాలని వాళ్ల లెక్క. ఆ లెక్క మంచిదే. కానీ ఈ కౌంటీలో మగవాళ్లు మనిషి ముఖం కంటే ముందు ట్రక్కు ముక్కు చూస్తారు. డెల్మర్ కొడుకు ట్రెంట్‌కు ఇరవై నాలుగేళ్లు, జిన్నింగు మిల్లులో పని. అక్కడి వాళ్లు రోజూ "ఏరా, నీ బండి ఏదో పారేసుకుని వెతుక్కుంటోందే" అని ఏడిపించేవాళ్లు. ఆఖరికి వాడు తోటివాడి దగ్గర పాత ఇనప దిమ్మలు రెండు కొన్నాడు. ముందు షాకుల నెత్తిన వాటిని పెట్టి బిగిస్తే బండి సమమవుతుంది. పాతవి కదా, ఎలా బిగించాలో చెప్పే కాగితం వాటితో రాలేదు.

అందుకని మంగళవారం మధ్యాహ్నం వెర్నన్‌కు ఫోన్ చేశాడు. వెర్నన్ అప్పుడు ఓ ట్రాక్టరు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పని తన షెడ్డుకు తేకుండా ఇంట్లో చేసుకుంటున్నాడని కాస్త కినుక కూడా ఉంది.

"పైన నట్లు విప్పితే మొత్తం కిందికి దిగిపోతుంది. పది నిమిషాల పని" అన్నాడు.

"పైనున్నవన్నీనా సార్?"

"ఆఁ, అన్నీ" అని ఫోన్ పెట్టేశాడు.

షాకు నెత్తిన చుట్టూ మూడు నట్లుంటాయి, నడుమ ఒకటుంటుంది. మూడూ షాకును బండికి పట్టి ఉంచుతాయి. నడిమిది మాత్రం అదిమిపెట్టిన స్ప్రింగును పట్టి ఉంచుతుంది. దాన్ని విప్పడమంటే మృత్యువుకు తలుపు తీయడమే. ముప్ఫై ఏళ్లుగా ఈ పని చేస్తున్న వెర్నన్ దాన్ని నట్ల లెక్కలోనే వేసుకోడు. అతనికి పైనున్నవి మూడే. ట్రెంట్ లెక్కలో నాలుగు. నాలుగోది విప్పగానే స్ప్రింగు ఎగిరొచ్చి వాడి ప్రాణం తీసింది. పని ముదిరినవాడికి పట్టే గుడ్డితనం ఇదే, తనకు తెలిసింది అందరికీ తెలుసనుకుంటాడు.

"నా మాట విను, డెల్" అన్నాడు వెర్నన్. ఆ స్ప్రింగును తాకడానికి అతనికి చేతులు రావడం లేదు. "ఆ దిమ్మలు వద్దు. ఫ్యాక్టరీలో బిగించినవే, కొత్త షాకులు రెండు అమరిల్లో పట్నం నుంచి రేపటికి తెప్పిస్తా. ఎత్తు పెరుగుతుంది, నడకా బాగుంటుంది."

"వాడు కొన్నది దిమ్మలు."

"పోనీ, వెనక కమాను పట్టీల కింద ఉన్న దిమ్మె తీసేస్తే వెనకే దిగుతుంది. ముందువైపు ముట్టుకోనక్కర్లేదు."

"లేపాలనుకున్న వాడి బండిని దించమంటావా?"

"ఇంకో దారుంది. ఛాసీకీ బాడీకీ మధ్య దిమ్మలు పెట్టి బాడీ మొత్తం లేపొచ్చు."

"అప్పుడు ముక్కు లేస్తుందా?"

అబద్ధం ఆడడానికి వెర్నన్‌కు నోరు రాలేదు. "లేవదు. అంతా కలిసి లేస్తుంది. ముక్కు ఎప్పట్లా కిందికే ఉంటుంది."

"మరెందుకు చెప్తావు?" అన్నాడు డెల్మర్, అలసటగా. "వాడు కొన్నవే పెట్టు. నేనిక్కడే కూర్చుంటా. ఇంట్లో చేసేదేం లేదు. చర్చి ఆడవాళ్లు తెచ్చిన వంటల గిన్నెలతో బల్ల నిండిపోయింది. వాళ్లమ్మ నెడ్రా వాటి మధ్య కూర్చుని ఉంది. మంగళవారం నుంచి నాతో ఒక్క మాట లేదు."

వెర్నన్ పనిముట్ల పెట్టె తెరిచాడు.

"తప్పు నాదే కదా. షెడ్డుకు తీసుకెళ్తానన్నాడు వాడు. సొంత బండి మీద చెయ్యి వెయ్యలేనివాడు ఏం మగాడ్రా అన్నాను నేను. ఆమె వింటూనే ఉంది."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. ఇక్కడ జారిన నోళ్లు రెండు. ఒక్కటే శిక్ష అనుభవిస్తోంది.

వెర్నన్ పని మొదలుపెట్టాడు. స్ప్రింగును బిగింపు పనిముట్టులో పెట్టి, మరచుట్టు తర్వాత మరచుట్టు తిప్పుతూ అదిమాడు. షాకు మీదికి ఎక్కించి నడిమి నట్టు బిగించాడు. దాని నెత్తిన దిమ్మె పెట్టాడు. డెల్మర్ ఖాళీ డబ్బా మీద కూర్చుని, రెప్ప వేయకుండా చూస్తున్నాడు.

"వాడు విప్పింది ఏది?"

వెర్నన్ పానా కొనతో నడిమి నట్టు చూపించాడు.

డెల్మర్ లేచి వచ్చి దాన్ని బొటనవేలితో తడిమాడు. "ఇదా? ఇంతేనా? పక్కవాటికీ దీనికీ తేడా ఏముంది, వాడికేం తెలుస్తుంది? చెప్పేవాడు ఎవడూ లేకపోయె. అడగరా అనైనా అన్నాను కాను."

వెర్నన్ పానా కింద పెట్టాడు.

"అడిగాడు డెల్. నన్నే అడిగాడు. పైనున్నవన్నీ విప్పాలా అని ఫోన్ చేశాడు. అన్నీ అన్నాను. నా లెక్కలో ఇది లేదు. నడిమిది ముట్టుకోకు అని ఒక్క ముక్క అనలేదు."

డెల్మర్ చెయ్యి ఆ నట్టు మీదే ఉండిపోయింది. కొడతాడనుకున్నాడు వెర్నన్. కొడితే బాగుండుననీ అనుకున్నాడు. డెల్మర్ వెళ్లి మళ్లీ డబ్బా మీద కూర్చున్నాడు.

"రెండో వైపు కూడా పెట్టు. పెట్టాక నాతో వచ్చి ఈ మాట నెడ్రాకు చెప్పు" అన్నాడు.

పని అయ్యేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. చక్రాల వరస సరిచూసి, దీపాలు రోడ్డు మీదికి దించి బిగించి, ట్రక్కును బయటికి తీశాడు వెర్నన్. ఈ చివర నుంచి ఆ చివర దాకా గీత గీసినట్టు సమంగా నిలబడింది. ఇంతకంటే బాగా చేసిన పని అతని జన్మలో లేదు. రెండోసారి దాని వైపు చూడలేదు.

ఇంటి దాకా మూడు మైళ్లూ వెర్నన్ నడిపాడు, డెల్మర్ పక్క సీట్లో కూర్చున్నాడు. ఎదురొచ్చిన ప్రతి బండివాడూ ట్రెంట్ ట్రక్కును గుర్తుపట్టి, పలకరింపుగా స్టీరింగు మీంచి వేలు లేపబోయి ఆగి, టోపీ తీశాడు.

నెడ్రా వంటింటి గుమ్మంలోకి వచ్చి జాలీ తలుపు వెనక నిలబడింది. వెర్నన్ మెట్ల కిందే నిలబడి చెప్పాడు. ఏదీ దాచలేదు, ట్రాక్టరు కింద ఉన్నానన్న సాకు కూడా చెప్పలేదు.

"వాడు ఏమన్నాడు? వాడన్నది వాడన్నట్టే చెప్పు" అంది ఆమె.

"పైనున్నవన్నీనా సార్, అన్నాడు."

"సార్ అన్నాడా?"

"అన్నాడు."

ఆమె జాలీ తలుపు తీసి గడప మీదికి వచ్చింది. "చిన్నప్పట్నుంచీ అంతే వాడు. పెద్దవాళ్లు ఏం చెప్తే అది చేసేవాడు. మీ ఇద్దరూ చెప్పిందే చేశాడు" అంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "పొద్దున్నుంచి ఏమీ తినలేదు నువ్వు. లోపలికి రా."

మంగళవారం తర్వాత ఆమె అతనితో మాట్లాడిన మొదటి మాట అది. డెల్మర్ తల వంచుకుని మెట్లెక్కాడు. వెర్నన్ తాళంచెవి మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగాడు.

"శనివారం ఎగ్గొట్టకు" అంది నెడ్రా వెనక నుంచి. "పెట్టె మొయ్యడానికి ఆరుగురు కావాలి. తల వైపు నువ్వు పట్టుకో. వాడి బరువెంతో నీకూ తెలియాలి."

"వస్తాను మేడమ్" అన్నాడు వెర్నన్. ఒకే బడిలో, ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్న మనిషిని అతను అలా పిలవడం అదే మొదటిసారి.