కుడివైపు ఊపిరి

నేను ఒక స్టెతస్కోపును. నన్ను మెడలో వేసుకుంటే చాలు, జనం పక్కకు తప్పుకుని దారిస్తారు. అందుకేనేమో, వేసుకునేవాళ్ళే ఎక్కువ, నాతో శ్రద్ధగా వినేవాళ్ళు తక్కువ.

నా మొదటి యజమాని డాక్టర్ కూర్మారావు విశాఖలో పాఠాలు చెప్పేవారు. "ముందు కళ్ళతో చూడు. వేలితో తట్టు. ఆఖర్న విను" అని శిష్యులను విసిగించేవారు. పదవీ విరమణ నాడు నన్ను తన శిష్యురాలు డాక్టర్ సువర్చల చేతిలో పెట్టారు. అలా ఆమె పనిచేసే పలాస ఆసుపత్రికి చేరాను.

ఒక ఉదయం, జీడిపప్పు ఒలిచే దాలమ్మ తన మూడేళ్ళ కూతురు మోహినిని ఎత్తుకొచ్చింది. వారాలుగా దగ్గు, పిల్లికూతలు. ఉబ్బసమని మందులిచ్చారట, తగ్గలేదు.

సువర్చల నన్ను వెంటనే అందుకోలేదు. గౌను విప్పించి చూస్తూ కూర్చుంది. ఛాతీ ఎడమవైపు లేచినంతగా కుడివైపు లేవడం లేదు. తట్టి చూస్తే కుడివైపు ఖాళీ డబ్బాలా మోగింది. అప్పుడు నన్ను ఆనించింది. ఎడమవైపు గాలి హాయిగా ఆడుతోంది. కుడివైపు ఊపిరి ఎక్కడో దూరాన ఉన్నట్టుంది, దాని చివర సన్నటి ఈల. మళ్ళీ ఎడమ, మళ్ళీ కుడి. ఉబ్బసమైతే ఈల రెండువైపులా వినబడాలి.

"అమ్మా, దగ్గు మొదలవకముందు పాపకి ఏదైనా తింటూ పొలమారిందా?"

"నేదమ్మా" అని దాలమ్మ ఆగింది. "ఒకపాలి జీడిబద్దలు నోట్లో ఏసుకుని నవ్వింది. ఊపిరాడక మొగం నీలంగైపోనాది. కాసేపటికి సర్దుకుంది. మింగేసిందనుకున్నాను."

ఎక్స్‌రేలో ముక్క కనబడలేదు. అయినా పాపను విశాఖ పంపాలంది సువర్చల. "ఏమీ లేదు కదమ్మా, విశాఖ దాకా ఎందుకు?" అన్నారు పెద్ద డాక్టరు.

"జీడిపప్పు ఎక్స్‌రేలో కనబడదు సార్. కుడి ఊపిరితిత్తి ఉబ్బింది చూడండి. వెళ్ళిన గాలి బయటికి రావడం లేదు. మీరూ ఒకసారి వినండి."

ఆయన విన్నారు. నన్ను చెవుల్లోంచి తియ్యకుండానే ఫోను అందుకున్నారు.

అంబులెన్సులో సువర్చల కూడా ఎక్కింది. నరసన్నపేట దాటాక ఆ ఈల ఆగిపోయింది.

"కూత తగ్గిందమ్మా" అంది దాలమ్మ ఆశగా.

కుడివైపు నాకేమీ వినబడలేదు. ఈలతోపాటు ఊపిరీ ఆగింది. సువర్చల ఆక్సిజన్ పెంచి, "బాబూ, ఇంకాస్త తొందరగా పోనియ్" అంది డ్రైవరుతో.

విశాఖలో గొంతులోంచి సన్నని గొట్టం దించి, నానిపోయిన జీడిబద్దను పైకి తీశారు. సువర్చల నన్ను మళ్ళీ కుడివైపు ఆనించింది. గాలి హోరుమంటూ వచ్చింది. పుట్టి ఇన్నేళ్ళలో అంత చక్కటి చప్పుడు నేను వినలేదు. ఆమె చెవుల్లోనే గంతులేసినంత పని చేశాను.

మర్నాడు మోహిని నాకోసం చెయ్యి చాపింది. సువర్చల నన్ను దాని చెవులకి తగిలించింది. అది నా బిళ్ళను తల్లి ఛాతీకి ఆనించి, కళ్ళు పెద్దవి చేసింది.

"అమ్మా, లోపల ఎవులో పరిగెడతన్నారు."

నిజమే. దాలమ్మ గుండె ఇంకా ఆ అంబులెన్సు దిగలేదు.